ఉత్తరాంధ్ర తీర జలాల్లో జెల్లీ ప్లవకాలు: రుతు మార్పులు, సముద్ర స్థితిగతులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలను ఆనుకుని ఉన్న బంగాళాఖాతంలో ఎముకా పెంకూ లేని, ఒళ్లంతా జిగురులా మెత్తగా ఉండే ప్లవక జీవులు అనేకం ఉన్నాయి. జెల్లీ చేపలు, నీలి సీసాలు, దువ్వెన జెల్లీలు, సాల్ప్‌లు వీటిలో ముఖ్యమైనవి. ఏడాదిలో ఒక్కో కాలంలో ఒక్కో గుంపు పెరిగి, తరిగి, మరో గుంపుకు చోటిస్తుంది. ఉష్ణమండల సముద్రం కావడంతో ఎండాచలుల తేడా ఇక్కడ స్వల్పం. రాకపోకలను ప్రధానంగా నిర్ణయించేవి తీర ప్రవాహపు దిశ, నీటిలోని ఉప్పు. ఈ రెండూ ఏడాదిలో తలకిందులయ్యే తీరం ఇది.

నిర్వచనం, పరిధి

ప్రవాహానికి ఎదురీదలేక నీటి వెంట సాగిపోయే జీవులను ప్లవకాలంటారు. వాటిలో శరీరం బరువులో దాదాపు 95 శాతం, ఆపైన నీరే ఉన్న జంతువులను జెల్లీ ప్లవకాలుగా లెక్కిస్తారు. ఇది వంశాన్ని బట్టి చేసిన విభజన కాదు, శరీర నిర్మాణాన్ని బట్టి చేసినది. కుట్టే కణాలున్న నిడేరియా, దువ్వెన పళ్ల వంటి పలకలతో ఈదే టీనోఫోరా, వెన్నెముక జీవులకు దగ్గరి బంధువులైన ట్యూనికేట్లు, ఈ మూడు వేర్వేరు వంశాలూ ఇందులో చేరతాయి. బాణపు పురుగులు అనే కీటోగ్నాథాలను కొందరు శాస్త్రవేత్తలు అర్ధ జెల్లీ జీవులుగా చేరుస్తారు, కొందరు విడిగా ఉంచుతారు. రాత్రివేళ కెరటాన్ని మెరిపించే నాక్టిల్యూకా బుడగలా కనిపించినా ఏకకణ జీవి కనుక ఈ పరిధిలోకి రాదు.

తీరం, సముద్రం

ప్రభుత్వ లెక్కల్లో శ్రీకాకుళం తీరం సుమారు 193 కి.మీ., విజయనగరం తీరం 28 కి.మీ. పైచిలుకు. ఇచ్ఛాపురం వైపు బాహుదా, బారువ వద్ద మహేంద్రతనయ, కళింగపట్నం వద్ద వంశధార, కళ్లేపల్లి వద్ద నాగావళి, కోనాడ వద్ద చంపావతి సముద్రంలో కలుస్తాయి. అన్నీ వాననీటి నదులే. వేసవిలో వీటి మొగలు ఇసుక మేటలతో దాదాపు పూడుకుపోయి, జులై నుంచి అక్టోబరు వరకు బురదనీటితో తెరుచుకుంటాయి. భావనపాడు, నౌపడా ప్రాంతంలో ఉప్పుటేరులు, చిత్తడి నేలలు, ఉప్పుమళ్లు విస్తరించి ఉన్నాయి.

అయితే ఈ తీరపు నీటి స్వభావాన్ని మార్చేది స్థానిక నదులు మాత్రమే కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానదుల వరద ఉత్తర బంగాళాఖాతంలో చేరి, వానాకాలం చివర తీరం వెంట దక్షిణానికి దిగుతుంది. దీన్ని కొలిచిన తీరు చెప్పుకోదగింది. 2005 మే నుంచి భారత తీరంలోని ఎనిమిది చోట్ల మత్స్యకారులు అయిదు రోజులకోసారి మోకాలి లోతు నీటిలో దిగి సీసాలు నింపారు. ఆ నీటి లవణీయతను, ఒడ్డుకు దూరంగా తీసిన నమూనాలతో పోల్చి చూస్తే రెండూ సరిపోయాయి. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం వానాకాలం చివర ఉత్తర భాగంలో లవణీయత కిలోకు 10 గ్రాములకు మించి పడిపోతోంది. ఆ మంచినీటి పట్టీ సుమారు 100 కి.మీ. వెడల్పున తీరాన్ని అంటిపెట్టుకుని రెండున్నర నెలల్లో దేశపు దక్షిణ కొసకు చేరుతోంది. పరిశోధకులు దీన్ని సముద్రంలోని నదిగా వర్ణించారు. ఖరీదైన ఓడలతో పట్టుబడని మార్పు సీసాలకు చిక్కింది. ఆ పట్టీ దారిలో శ్రీకాకుళం తీరం ముందు వరుసలో ఉంది.

ఈ నీటిని మోసేది తూర్పు భారత తీర ప్రవాహం. ఫిబ్రవరి నుంచి మే వరకు అది ఉత్తరానికి, అంటే విశాఖ నుంచి గోపాలపూర్ వైపు పారుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో దీని వేగం సెకనుకు మీటరు దాకా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పూర్తిగా దిశ మార్చి దక్షిణానికి పారుతుంది. నడుమ జూన్–సెప్టెంబరులో ప్రవాహం ముక్కలుగా, సుడులుగా విడిపోయి ఒక్కో చోట ఒక్కో దిశలో ఉంటుంది. స్థానిక గాలితో పాటు భూమధ్యరేఖ వద్ద పుట్టి బంగాళాఖాతపు అంచు చుట్టూ తిరిగివచ్చే కెల్విన్ తరంగాలు కూడా ఈ మార్పులకు కారణం. (చూ. రుతుపవనాలు; సముద్ర ప్రవాహాలు.)

అధ్యయన చరిత్ర

భారత తూర్పు తీరపు జెల్లీ చేపలపై తొలి క్రమబద్ధ వర్ణనలు మద్రాసు నుంచి వచ్చాయి. ఎం.జి.కె. మీనన్ 1930లో మద్రాసు, పరిసర తీరాల స్కైఫోమెడూసాలపై వెలువరించిన గ్రంథం నేటికీ గుర్తింపుకు ఆధారం. ఇప్పుడు ఆంధ్ర తీరంలో వాణిజ్య ప్రాముఖ్యం ఉన్న క్రాంబియోనెల్లా అన్నాండేలీకి 1931లో ఇండియన్ మ్యూజియం నమూనాల ఆధారంగా హెచ్.ఎస్. రావు పేరు పెట్టారు.

ఉత్తరాంధ్ర సముద్రంలో జీవులనూ నీటినీ కలిపి చదవడం 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంతో మొదలైంది. అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్ వాల్తేరులో ఉండి ఈ తీరంలో అడుగునీరు పైకి రావడాన్ని, పైనీరు కిందికి కుంగడాన్ని వివరించాడు. అదే కాలంలో జంతుశాస్త్ర ఆచార్యుడు పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు ప్లవకాల నెలవారీ లెక్కలు కట్టారు. హైడ్రోమెడూసాల రుతు విస్తరణపై గణపతి, నాగభూషణం 1958లో ప్రచురించిన అధ్యయనం ఈ అంశానికి మూలస్తంభం. ఆగస్టు నుంచి డిసెంబరు వరకు ఉత్తరపు తక్కువ ఉప్పు నీటితో కొన్ని జాతులు, జనవరి నుంచి జులై వరకు దక్షిణపు ఉప్పు నీటితో వేరే జాతులు వస్తాయనీ, జాతిని చూసి నీటి జన్మస్థానం చెప్పవచ్చనీ ఆ బృందం పనిలో తేలింది. సూచక ప్లవకాల భావన ఈ తీరంలో అలా స్థిరపడింది.

1960–65 నాటి అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర దూరజలాల నమూనాలు తెచ్చింది. 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడింది, విశాఖలో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా విశాఖలోనే ఉంది. 1999లో హైదరాబాదులో నెలకొన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహ సమాచారంతో ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరితం పటాలు, చేపలు దొరికే ప్రాంతాల సూచనలు ఇస్తుంది. దీర్ఘకాలపు లెక్కలు ఎక్కువగా దక్షిణాన విశాఖ, ఉత్తరాన గోపాలపూర్ తీరాలవి. మధ్యలోని కళింగపట్నం, బారువ జలాలను ఆ రెండింటి మధ్య పెట్టి చదవడమే ఆనవాయితీ. ఒకే ప్రవాహం మూడు చోట్లనూ తడిపి వెళ్తుంది కనుక ఇది సబబే కానీ, వంశధార మొగ వంటి చోట్ల స్థానిక నది ప్రభావాన్ని విడిగా లెక్కించాలి.

ప్రధాన సమూహాలు

స్కైఫోమెడూసాలు. సామాన్యంగా జెల్లీ చేపలు అనేవి ఇవే. క్రాంబియోనెల్లా అన్నాండేలీకి గట్టి గొడుగు, కింద ఎనిమిది లావాటి నోటిబాహువులు ఉంటాయి, అంచున పొడవాటి స్పర్శకాలు ఉండవు. అందుకే దీని కుట్టు తక్కువ, తినడానికి పనికొస్తుంది. క్రైసోరా జాతులకు అంచు నుంచి పొడవాటి స్పర్శకాలు వేలాడుతాయి, మంట పుట్టిస్తాయి. ఉప్పుటేరుల్లో, చిలికా వంటి కయ్యల్లో అక్రోమిటస్ కనిపిస్తుంది, తక్కువ ఉప్పును తట్టుకోవడం దాని ప్రత్యేకత.

హైడ్రోమెడూసాలు. చాలావాటి గొడుగు కొన్ని మిల్లీమీటర్లే. ఒబీలియా, ఐరీన్ వంటివి తీరానికి చెందినవి, వాటికి అడుగున అతుక్కునే పాలిప్ దశ ఉంది. లిరియోపి, అగ్లారా వంటివి పాలిప్ లేకుండా గుడ్డు నుంచి నేరుగా మెడూసాగా, అంటే ఈదే గొడుగు రూపంగా పెరుగుతాయి. అడుగుతో పని లేదు కనుక ఇవి నడి సముద్రపు జీవులు. ఈ ఒక్క తేడాతోనే రుతుచక్రంలో చాలా విషయాలు అర్థమవుతాయి.

సైఫనోఫోర్లు, తేలుడు జీవులు. ఇవి ఒక్క జీవిలా కనిపించే సమూహాలు. డైఫీస్, లెన్సియా నీటిలో మునిగి ఈదుతాయి. నీలి సీసా అనే ఫైసాలియా మాత్రం గాలి బుడగను తెరచాపలా ఎత్తుకుని ఉపరితలంపై సాగుతుంది. వాటిలో సగం గాలికి ఎడమవైపు, సగం కుడివైపు జరిగేలా బుడగలు వంగి ఉంటాయి. దాంతో ఒకే గాలికి గుంపంతా ఒడ్డెక్కదు. హైడ్రోజోవాలకు చెందినదే పోర్పిటా. అది నాణెమంత నీలి బిళ్ల, చుట్టూ కుచ్చులు.

టీనోఫోర్లు. గోలీ ఆకారపు ప్లూరోబ్రాకియాకు రెండు జిగురు స్పర్శకాలుంటాయి, చిన్న ప్లవకాలను అంటించి పట్టుకుంటుంది. బెరోయికి స్పర్శకాలు లేవు, నోరు తెరిచి సాటి టీనోఫోర్లనే మింగుతుంది. రెండింటికీ కుట్టే కణాలు లేవు.

సాల్ప్‌లు, డోలియోలిడ్‌లు, లార్వేసియన్లు. ఇవి వేటాడవు, నీటిని వడగట్టి సూక్ష్మ శైవలాలను తింటాయి. థాలియా డెమోక్రాటికా అనే చిన్న సాల్ప్ బహుకణ జీవుల్లోకెల్లా వేగంగా పెరిగేవాటిలో ఒకటి. లార్వేసియన్ అయిన ఐకోప్లూరా తన చుట్టూ జిగురు గూడు అల్లుకుని, అందులోని వడపోత జాలి మూసుకుపోగానే దాన్ని వదిలేసి కొత్తది అల్లుతుంది. రోజుకు అనేకసార్లు ఈ పని జరుగుతుంది.

జీవితచక్రం

రుతువును బట్టి గుంపులు హఠాత్తుగా పుట్టుకురావడానికి కారణం పునరుత్పత్తి విధానంలో ఉంది. స్కైఫోమెడూసాలో ఆడమగ మెడూసాల కలయికతో పుట్టిన డింభకం రాయికో గుల్లకో అతుక్కుని, కొన్ని మిల్లీమీటర్ల పాలిప్‌గా మారుతుంది. పాలిప్ మొగ్గలు తొడిగి పెరుగుతుంది, గడ్డుకాలంలో గట్టి కోశాలుగా ముడుచుకుంటుంది. ఉష్ణోగ్రత, లవణీయత, ఆహారం అనుకూలంగా మారినప్పుడు అది అడ్డంగా ముక్కలై ఎఫైరా అనే పిల్ల మెడూసాలను నీటిలోకి వదులుతుంది. అవి పెరిగి పెద్దవవడానికి వారాల నుంచి నెలలు పడుతుంది. వలలో పడే పెద్ద జెల్లీ అంతకు చాలా ముందే ఎక్కడో అడుగున మొదలైందన్న మాట.

ఉత్తరాంధ్ర తీరం చాలావరకు ఇసుక నేల. పాలిప్‌కు కావలసిన గట్టి ఆధారం సంతపల్లి రాళ్ల వంటి చోట్ల, ఆల్చిప్పల మేటల్లో, జెట్టీలు, అలల అడ్డుగోడల మీద దొరుకుతుంది. సంతబొమ్మాళి మండలంలో 2023లో పనులు మొదలైన మూలపేట ఓడరేవు వంటి నిర్మాణాలు ఇలాంటి ఆధారాన్ని పెంచుతాయి. నీటిలోని కాంక్రీటు కట్టడాల అడుగు భాగాలపై పాలిప్‌లు దట్టంగా స్థిరపడడం ప్రపంచంలో అనేక రేవుల్లో నమోదైంది.

సాల్ప్‌ల దారి వేరు. ఒంటరి సాల్ప్ అలైంగికంగా గొలుసులు గొలుసులుగా పిల్లల్ని వదులుతుంది, గొలుసులోని ఒక్కోటీ గుడ్డు ద్వారా మళ్లీ ఒంటరి సాల్ప్‌ను కంటుంది. అడుగుతో సంబంధం లేదు, నిరీక్షణ లేదు. ఆహారం దొరికిన కొద్ది రోజుల్లోనే గుంపు కడుతుంది.

రుతుచక్రం

కింది నాలుగు కాలాల హద్దులు ఏటా పక్షం నుంచి నెల వరకు అటూ ఇటూ జరుగుతాయి.

వసంతం, ఫిబ్రవరి నుంచి మే. ఏడాదిలో జెల్లీ ప్లవకాలకు అత్యంత సమృద్ధమైన కాలం ఇదే. ప్రవాహం ఉత్తరానికి తిరిగి, దక్షిణ, మధ్య బంగాళాఖాతపు నీటిని తెస్తుంది. లవణీయత 33–34కు చేరుతుంది. తీరం నైరుతి–ఈశాన్య దిశలో సాగుతుంది. గాలి కూడా ఇంచుమించు అదే రేఖలో నైరుతి నుంచి వీస్తుంది. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో పైనీరు గాలికి కుడివైపు, అంటే తీరం నుంచి సముద్రంలోకి జరుగుతుంది. ఆ ఖాళీని భర్తీ చేస్తూ అడుగు నుంచి చల్లని, నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు నిండిన, ప్రాణవాయువు తక్కువగా ఉన్న నీరు పైకి ఉబుకుతుంది. (చూ. అప్‌వెల్లింగ్.)

మొదటి ఫలితం డయాటమ్‌ల వికసనం. ఆస్టీరియోనెల్లాప్సిస్ గ్లేసియాలిస్ పెరిగినప్పుడు ఒడ్డు నీరు గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగులోకి మారుతుంది. విశాఖ, గోపాలపూర్ తీరాల్లో ఇది పలుమార్లు నమోదైంది. ఆ తరువాత వరస ఒకటి నడుస్తుంది. రోజుల్లోనే పెరిగే సాల్ప్‌లు, డోలియోలిడ్‌లు, లార్వేసియన్లు ముందు వస్తాయి. శైవలాలను తిని సూక్ష్మ ప్లవక జీవులైన కోపిపాడ్‌లు పెరిగాక, వాటిని తినే హైడ్రోమెడూసాలు, సైఫనోఫోర్లు, టీనోఫోర్లు హెచ్చుతాయి. వారాల పాటు పెరగాల్సిన పెద్ద స్కైఫోమెడూసాలు చివర కనిపిస్తాయి. నడి సముద్రపు జాతులైన లిరియోపి, అగ్లారా ఒడ్డుకు దగ్గరగా దొరికేది కూడా ఈ కాలంలోనే. దక్షిణపు ఉప్పు నీరు వాటిని తీసుకువస్తుంది.

ఏప్రిల్ చివరికి నీరు 29–30 డిగ్రీలకు వేడెక్కి, నిశ్చలమై, పోషకాలు తగ్గుతాయి. ట్రైకోడెస్మియం అనే నీలాకుపచ్చ శైవలం రంపపు పొట్టు రాలినట్టు చారలుగా తేలుతుంది. వడపోత జీవులు తగ్గుముఖం పడతాయి. పోర్పిటా వంటి తేలుడు జీవులు సముద్రపు గాలికి ఇసుక మీద నీలి గీతలా పేరుకుంటాయి.

నైరుతి కాలం, జూన్ నుంచి సెప్టెంబరు. గాలి ఇప్పుడూ అడుగునీటిని లేపే దిశలోనే, మరింత బలంగా వీస్తుంది. లెక్క ప్రకారం ఉత్పత్తి వసంతం కంటే ఎక్కువ ఉండాలి. అలా జరగకపోవడానికి కారణం మంచినీటి మూత. తేలికైన వాననీరు, నదినీరు పైన పరుచుకుని, కింది బరువైన నీటితో కలవనివ్వదు. 1989 వానాకాలంలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు కొలిచినప్పుడు, అడుగునీటి ఉబుకు తీరం నుంచి సుమారు 40 కి.మీ. పట్టీకే పరిమితమై ఉంది.  నది మొగల వద్ద మడ్డి నీరు వెలుతురును అడ్డుకుంటుంది. కళ్లతో కాక తాకిడితో వేటాడే మెడూసాలకు ఆ మసక నీరు అడ్డంకి కాదు. చూపుతో వేటాడే చేపలకది ఇబ్బంది కనుక పోటీలో జెల్లీలదే పైచేయి. గాలి రెండు మూడు రోజులు ఒడ్డుముఖంగా నిలిస్తే నీలి సీసాలు తీరానికి కొట్టుకొస్తాయి.

వరదనీటి కాలం, అక్టోబరు నుంచి డిసెంబరు తొలి భాగం. ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. ఉపరితల లవణీయత 30కి బాగా దిగువకు పడుతుంది. నడి సముద్రపు జాతులు దాదాపు కనుమరుగై, ఉప్పు తగ్గినా ఓర్చుకునే తీర జాతుల హైడ్రోమెడూసాలు, ప్లూరోబ్రాకియా మిగులుతాయి. ఈ కాలంలో జెల్లీలు ఎంత ఉన్నాయన్నదాని కంటే ఎంత లోతులో ఉన్నాయన్నది ముఖ్యం. మెడూసా శరీరంలోని ఉప్పు చుట్టూ ఉన్న నీటి ఉప్పుతో సమానంగా ఉంటుంది. కింది ఉప్పు నీటి నుంచి అది పైకి ఈది పలుచని మంచినీటి పొరను తాకగానే, దాని శరీరం ఆ నీటి కంటే బరువై కిందికి దిగుతుంది. అందువల్ల రెండు పొరల సరిహద్దులో, కొన్ని మీటర్ల మందంలో గుంపు కడుతుంది. పైనుంచి చూస్తే సముద్రం ఖాళీగా కనిపిస్తుంది. ఆ లోతుకు దింపిన వల మాత్రం జెల్లీతో బరువెక్కి పైకి వస్తుంది.

శీతాకాలం, డిసెంబరు నుంచి జనవరి. ఈశాన్య గాలి పైనీటిని తీరం వైపు నెట్టి కిందికి కుంగదీస్తుంది. జనవరిలో నీరు 24–26 డిగ్రీలకు చల్లబడుతుంది. ఉప్పు తక్కువైన పైపొర చల్లబడినా తేలికగానే ఉండడంతో, పైన చలి, కింద వెచ్చదనం అనే తలకిందుల అమరిక ఏర్పడుతుంది. బాణపు పురుగుల్లో సాజిట్టా ఎన్‌ఫ్లాటా ప్రాబల్యం ఏడాది పొడవునా ఉన్నట్టే ఇప్పుడూ ఉంటుంది, తక్కినవి తగ్గుతాయి. జనవరి చివర కెల్విన్ తరంగం లోతులోని చల్లని నీటిని పైకెత్తడంతో తరువాతి వసంతానికి రంగం సిద్ధమవుతుంది.

తుఫానులు, ఏటేటా తేడాలు

అక్టోబరు తుఫానుల కాలం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఈ తీరాన్నో దీని అంచులనో దాటాయి. 2021 సెప్టెంబరు చివర గులాబ్ కళింగపట్నం, గోపాలపూర్‌ల మధ్య తీరం చేరింది. తుఫాను మంచినీటి మూతను చీల్చి కింది నీటిని కలుపుతుంది, పోషకాలు పైకి వచ్చి కొద్ది రోజుల్లో శైవలాలు పెరుగుతాయి. పెళుసైన జెల్లీలు ఆ ఒరిపిడిలో ముక్కలవుతాయి, మిగిలినవాటికి తరువాతి రెండు మూడు వారాల్లో ఆహారం దండిగా దొరుకుతుంది. అదే తుఫాను వంశధార, నాగావళి ఎగువన కురిపించిన వాన మళ్లీ మంచినీటి పొరను పరుస్తుంది. కాబట్టి తుఫాను ఫలితం రెండు దిక్కులకు లాగుతుంది.

హిందూ మహాసముద్ర ద్విధ్రువం ధన స్థితిలో ఉన్న ఏడాదుల్లో, 1997, 2019 వంటివి, దక్షిణానికి పోయే తీర ప్రవాహం బలహీనపడి మంచినీటి పట్టీ ఎక్కువ దూరం సాగదు. రుణ స్థితిలో బలపడుతుంది. (చూ. ఎల్‌నినో, ద్విధ్రువం.)

ఆహారజాలంలో స్థానం

మెడూసాలు కోపిపాడ్‌లతో పాటు చేపల గుడ్లు, పిల్లలనూ తింటాయి. కవ్వళ్లు, నెత్తళ్లు, కానాగుర్తలు తినేదీ ఇంచుమించు ఆ ప్లవకాలనే కనుక ఇక్కడ పోటీ, వేట రెండూ ఉన్నాయి. మరోవైపు పార జాతి చేపపిల్లలు, చందువ కుటుంబపు పిల్లలు పెద్ద మెడూసాల గొడుగు కింద తలదాచుకుంటాయి. రొయ్య బంధువుల డింభకాలు వాటిపై ఎక్కి ప్రయాణిస్తాయి.

ఆలివ్ రిడ్లే తాబేళ్ల ఆహారంలో జెల్లీ చేపలు, సాల్ప్‌లు ఒక భాగం. శీతాకాలం నుంచి వేసవి దాకా ఇవి శ్రీకాకుళం ఇసుక తీరాల్లో గుడ్లు పెడతాయి. ఉత్తరాన గంజాం జిల్లా రుషికుల్య మొగ వద్ద ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేలాదిగా చేరతాయి.

సాల్ప్‌ల పెంటికలు బరువైనవి, రోజుకు వందల మీటర్లు దిగుతాయి. ఐకోప్లూరా వదిలేసిన గూళ్లూ అంతే. పైనీటిలోని కర్బనం అడుగుకు చేరే దారుల్లో ఇవి ముఖ్యమైనవి. బంగాళాఖాతంలో నదుల మట్టి రేణువులు వీటికి అంటుకుని దిగుడును మరింత వేగిరం చేస్తాయి. వికసనం ముగిశాక చచ్చి అడుగుకు పడిన జెల్లీలు కుళ్లేటప్పుడు, అసలే తక్కువగా ఉన్న ప్రాణవాయువు ఇంకా తగ్గుతుంది.

వేట, వాణిజ్యం

భావనపాడు, బందరువానిపేట, కళింగపట్నం, ముక్కాం, చింతపల్లి వంటి ఊళ్లలో ఫైబర్ బోట్లు, ఒడ్డు నుంచి లాగే పెదవల ప్రధాన సాధనాలు. జెల్లీ గుంపు పడితే వల బరువెక్కి లాగడానికి రెట్టింపు మనుషులు కావాలి, చేప నలిగి ధర పడిపోతుంది, ఒక్కోసారి వల చిరుగుతుంది. విడిపోయిన స్పర్శకపు ముక్కలు వల తాళ్లకు అంటుకుని, ఎండిన తరువాత కూడా చేతులను, కళ్లను మండిస్తాయి. వల దులిపేవారికి ఇది తెలిసిన బాధే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. జెల్లీలు బాగా పెరిగే వసంతపు చివరి భాగం సరిగ్గా ఇందులో పడుతుంది. వలలో పడినదాన్ని బట్టి వేసే లెక్కలు ఆ రెండు నెలలు దాదాపు ఖాళీగా ఉంటాయి. వేట గణాంకాలను రుతుచక్రానికి సాక్ష్యంగా తీసుకునేవారు ఈ లొసుగును గుర్తుంచుకోవాలి.

ఆంధ్ర తీరంలో క్రాంబియోనెల్లా ఎగుమతి సరుకుగా మారింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2020లో ఈ కొత్త వేటపై అధ్యయనం ప్రచురించారు. గొడుగు, నోటిబాహువులు విడదీసి, కడిగి, ఉప్పు, పటిక కలిపి దశలవారీగా ఊరబెడతారు. చివరికి మిగిలేది పచ్చి బరువులో పదో వంతుకు లోపే. కొనేది చైనా, జపాన్, ఆగ్నేయాసియా దేశాలు. స్థానికంగా తినే అలవాటు లేదు. ఒక ఏడాది గుట్టలుగా పడి మరుసటి ఏడాది ముఖం చాటేసే సరుకు కావడంతో, దీని మీద స్థిరమైన పెట్టుబడి పెట్టడం కష్టం.

కుట్టు, ప్రథమ చికిత్స

ఈ తీరంలో ఎక్కువ బాధ పెట్టేవి నీలి సీసాలు, క్రైసోరాలు. ఒడ్డున పడి చచ్చినట్టు కనిపించే నీలి సీసాను కూడా ముట్టుకోరాదు. కుట్టినచోట ఇసుకతో రుద్దకూడదు, మంచినీటితో కడగకూడదు. రెండింటివల్లా పేలని కణాలు పేలతాయి. సముద్రపు నీటితో కడిగి, అంటుకున్న స్పర్శకాలను పట్టకారుతో తీసి, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో, సుమారు 45 డిగ్రీలు, 20 నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. పెట్టె జెల్లీలు కుట్టినప్పుడు వెనిగర్ వాడతారు. నీలి సీసాల విషయంలో దాని వాడకంపై వైద్య సలహాలు దేశానికొక తీరుగా ఉన్నాయి. ఊపిరి ఆడకపోయినా, గుండె దడ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కొలిచే పద్ధతులు, వాటి పరిమితులు

హిందూ మహాసముద్ర యాత్రలో వాడిన ప్రామాణిక వలకు చదరపు మీటరు మూతి, 0.33 మి.మీ. కన్ను ఉండేవి. దాన్ని 200 మీటర్ల లోతు నుంచి నిలువుగా పైకి లాగేవారు. కోపిపాడ్‌లకు ఇది తగినదే. టీనోఫోర్లు ఆ వలలో చితికిపోతాయి, మిగిలినవి ఫార్మాలిన్‌లో కరిగిపోతాయి. పెద్ద మెడూసాలు ఆ మూతిలోకి సాధారణంగా రావు. వస్తే, ఒక్కటే మొత్తం నమూనా ఘనపరిమాణాన్ని పెంచేస్తుంది కనుక విడిగా తీసి కొలుస్తారు. పాత పట్టికల్లో జెల్లీల సంఖ్య వాస్తవం కంటే తక్కువ అని భావించడమే న్యాయం. నీటిలోని కెమెరాలు, ఒడ్డు పరిశీలనలు, నీటిలో తేలే జన్యు పదార్థపు పరీక్షలు ఈ లోటును కొంత పూడుస్తున్నాయి.

విద్యుత్ కేంద్రాలు

సముద్రపు నీటితో యంత్రాలను చల్లబరిచే కేంద్రాలకు జెల్లీ గుంపులు సమస్య. కల్పాక్కంలోని మద్రాసు అణు విద్యుత్ కేంద్రంలో నీరు తోడే మార్గం జాలీలకు జెల్లీ చేపలు అడ్డుపడడం 2000 నాటికే శాస్త్ర పత్రికల్లో నమోదైంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్ల కేంద్రం ప్రతిపాదనలో ఉంది. తీరం అదే, ప్రవాహం అదే కనుక నీరు తోడే లోతును నిర్ణయించేటప్పుడు మార్చి–మే గుంపులను, వరదనీటి కాలంలో పొరల సరిహద్దులో చేరే గుంపులను వేర్వేరుగా లెక్కలోకి తీసుకోవాల్సి ఉంటుంది. మొదటివి ఉపరితలానికి దగ్గరగా, రెండోవి దిగువన ఉంటాయి.

దీర్ఘకాల ధోరణి

ప్రపంచమంతటా జెల్లీ చేపలు పెరుగుతున్నాయా అన్నది తేలని చర్చ. పెద్ద సముద్ర వ్యవస్థల్లో ఎక్కువ భాగం పెరుగుదల చూపుతున్నాయని 2012లో ఒక సమీక్ష చెప్పింది. దీర్ఘకాల పట్టికలను పరిశీలించిన మరో బృందం, దాదాపు ఇరవయ్యేళ్లకోసారి ఎగసి పడే డోలనమే ప్రధానమనీ, పెరుగుదల స్వల్పమనీ 2013లో తేల్చింది. ఇరవయ్యేళ్ల డోలనాన్ని పట్టుకోవాలంటే నలభయ్యేళ్ల ఎడతెగని లెక్క కావాలి. ఉత్తరాంధ్ర తీరంలో 1950ల లెక్కలకూ ఇప్పటి లెక్కలకూ మధ్య వల కన్ను, లోతు, లెక్కించే పద్ధతి మారాయి. అందుచేత రెండింటినీ నేరుగా పక్కపక్కన పెట్టి హెచ్చుతగ్గులు చెప్పడం సరికాదు. జాతుల జాబితాలను, అవి కనిపించే నెలలను మాత్రం పోల్చవచ్చు.